తెనాలి సర్వర్‌కి హైదరాబాద్ నుంచి పవర్ బటన్: పైకేవీఎమ్ ప్రాజెక్టు డైరీ

తెనాలిలో మా బావగారిది ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు. మూలన ఉన్న అసెంబుల్డ్ డెస్క్‌టాపే వాళ్ల సర్వర్. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టాను కాబట్టి అది రీబూట్ అయినప్పుడల్లా ఎవరో ఒకరు కీబోర్డు ముందు కూర్చుని పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. నేనుండేది సుమారు 300 కిలోమీటర్ల అవతల, హైదరాబాద్‌లో. వేసవి కరెంటు కోతల పుణ్యమా అని ఆ పాస్‌ఫ్రేజ్ ఫోన్లో చెప్పీ చెప్పీ విసిగిపోయాను. ఒకరోజు వీడియో కాల్‌లో చూస్తే అది గోడ క్యాలెండర్ మీద, ఏకాదశి గడి పక్కన, నీలం ఇంకుతో రాసి ఉంది. ఈ పని మొదలైంది ఆ రోజే.

పెద్ద కంపెనీల సర్వర్లలో మదర్‌బోర్డు మీదే బీఎమ్‌సీ అని వేరే చిన్న కంప్యూటర్ ఉంటుంది. అసలు మెషీన్ ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉండి స్క్రీన్, కీబోర్డు, పవర్ బటన్ దూరం నుంచి అందిస్తుంది. డెస్క్‌టాప్‌లో అది ఉండదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద, ఇదే పని చేసే పైకేవీఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో, బయట తగిలించుకునేది కట్టాను. ఇక్కడ "పై" అంటే ఆ చిన్న కంప్యూటరే. ఎవరైనా ఇదే కట్టాలనుకుంటే నేను వృథా చేసిన డబ్బూ రోజులూ వాళ్లకి మిగలాలని ఈ లెక్కలన్నీ రాస్తున్నాను.

దశ 0: సామాన్లు

రాస్ప్‌బెర్రీ పై 4, 2 జీబీ: 4,600. 32 జీబీ మెమరీ కార్డు: 450. 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్: 700.

పై 5 కొత్తది కదా, అదే కొందామనుకుంటే ఆగండి. దాంట్లో వీడియోను హెచ్.264 పద్ధతిలో కుదించే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ తీసేశారు, పైకేవీఎమ్ దాని మీద నడవదు. నేను కొట్టుదాకా వెళ్లి, డబ్బు తీసే ముందు ఈ సంగతి చదివాను.

మొత్తం ఇప్పటికి: రూ. 5,750

దశ 1: స్క్రీన్ కనిపించాలి (రోజు 1 నుంచి 4)

మొదట చవగ్గా అయిపోతుందని ఎమ్‌ఎస్2109 చిప్ ఉన్న, తెర బొమ్మను పట్టే యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్ కొన్నాను, 650. స్క్రీన్ వచ్చింది గానీ మౌస్ కదిపితే బాణం గుర్తు తీరిగ్గా వెనకాల నడిచొస్తోంది. ఎంత ఆలస్యమో కొలుద్దామని అసలు మానిటర్‌నూ ల్యాప్‌టాప్‌నూ పక్కపక్కన పెట్టి, రెండిటి మీదా ఒకే స్టాప్‌వాచ్ నడిపి, ఫోన్లో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ తీసి ఫ్రేములు లెక్కపెట్టాను. డాంగిల్‌తో 52 ఫ్రేములు, అంటే దాదాపు 217 మిల్లీసెకన్లు.

తర్వాత టీసీ358743 చిప్ ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ బ్రిడ్జి తెప్పించాను, 2,900. ఇది పై బోర్డు మీది కెమెరా సాకెట్లో రిబ్బన్‌తో కూర్చుంటుంది. అదే కొలతలో 25 ఫ్రేములు, 104 మిల్లీసెకన్లు. సగానికి సగం తగ్గింది. డాంగిల్ డబ్బాలోకి పోయింది.

ఇక్కడ రెండు తప్పులు చేశాను.

1. రిబ్బన్ తిరగేసి పెట్టాను. లోహపు గీతలు ఎటువైపు ఉండాలో సాకెట్లోకి టార్చి వేసి చూసి గానీ లాక్ నొక్కకండి.
2. 720పీ ఎందుకు, 1080పీ 60 హెర్ట్జ్ పెడదామని ఈడీఐడీ (ఏ సైజు బొమ్మ పంపాలో సర్వర్‌కి చెప్పే చిన్న ఫైలు) మార్చాను. నల్ల తెర. పై 4 కెమెరా సాకెట్‌కి ఉన్నవి రెండు డేటా లేన్లే, వాటి మీద ఈ చిప్ 1080పీని 50 హెర్ట్జ్ దాకానే లాగగలదు. బయోస్ తెర (మెషీన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగులు) చదువుకోవడానికి 720పీ చాలు. పాత ఫైలే మళ్లీ ఎక్కించాను.

మొత్తం ఇప్పటికి: రూ. 9,300 (అందులో వృథా 650)

దశ 2: దొంగదారిన వచ్చే 5 వోల్టులు (రోజు 5, 6)

పై 4లో కీబోర్డుగా నటించగలిగేది యూఎస్‌బీ సీ సాకెట్ ఒక్కటే. కరెంటు ఎక్కేదీ దాంట్లోంచే. కాబట్టి వై ఆకారపు స్ప్లిటర్ కావాలి: ఒక కాలు అడాప్టర్‌కి, ఇంకో కాలు సర్వర్ యూఎస్‌బీకి. 550 పెట్టి కొన్నాను.

తగిలించగానే కీబోర్డు, మౌస్ పనిచేశాయి. అయితే అడాప్టర్ పీకేసినా పై మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటూనే ఉంది. డెస్క్‌టాప్ షట్‌డౌన్ చేసి ఉంది. మల్టీమీటర్ పెడితే స్ప్లిటర్ అడాప్టర్ కాలు దగ్గర 4.7 వోల్టులు. డెస్క్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా మదర్‌బోర్డు స్టాండ్‌బై కరెంటు యూఎస్‌బీలోంచి వస్తూనే ఉంటుంది. అది పై బోర్డును పూర్తిగా బతకనివ్వదు, పూర్తిగా చావనివ్వదు. అడాప్టర్ కూడా ఆన్‌లో ఉంటే రెండు సప్లైలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మందు సులువే. సర్వర్‌లో పెట్టే యూఎస్‌బీ ప్లగ్గులో 5 వోల్టుల పిన్ మీద కాప్టన్ టేప్ (కరెంటు పారనివ్వని పల్చటి టేపు) ముక్క అంటించాలి, 120. నాలుగు గీతల్లో అంచున ఉండే పొడుగాటి రెండిటిలో ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండు. ఏది ఏదో మీటర్‌తో తేల్చుకోండి. నా మొదటి ముక్క వెడల్పెక్కువై పక్కనున్న డేటా పిన్‌నీ మూసేసింది, కీబోర్డు కనబడటం మానేసింది. రెండోసారి బ్లేడుతో 2 మిల్లీమీటర్ల పట్టీ కోసి అంటించాను. అడాప్టర్ పీకితే ఎర్ర లైటు వెంటనే ఆరిపోయింది. మీటర్ మీద 0.

మొత్తం ఇప్పటికి: రూ. 9,970

దశ 3: పవర్ బటన్ (రోజు 8 నుంచి 13)

ఇలాంటివి కట్టేవాళ్ల ఇళ్లలో ఉండే నీలం రంగు నాలుగు రిలేల (కరెంటుతో మూసుకునే స్విచ్చుల) మాడ్యూల్ 180కి దొరికింది. అదే పెట్టాను. పెట్టొద్దని పైకేవీఎమ్ వాళ్లు రాసే ఉంచారు, నేనే వినలేదు.

హైదరాబాద్‌లో నా సొంత పాత డెస్క్‌టాప్ మీద పరీక్ష. పై బూట్ అవుతోంది. సర్వీసు మొదలైన క్షణంలో రిలే "టక్" మంది. తిరిగి "టక్" మని విడవలేదు. నాలుగు సెకన్లకి డెస్క్‌టాప్ టప్పున ఆరిపోయింది. సంగతేమిటంటే, బటన్ నొక్కనప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ పిన్‌ను సున్నా వోల్టుల్లో ఉంచుతుంది. ఈ చవక మాడ్యూల్ సున్నా వస్తేనే రిలే మూస్తుంది. ఒకరికి "వదిలేయ్", ఇంకొకరికి "నొక్కి పట్టుకో". పై రీబూట్ అయిన ప్రతిసారీ సర్వర్ బలవంతంగా ఆరిపోయేదన్నమాట. తెనాలిలో ఇది జరిగి ఉంటే నాకు భోజనం పెట్టేవాళ్లు కాదు.

మార్చినది: ఓమ్రాన్ జీ3వీఎమ్-61ఏ1 మాస్‌ఫెట్ రిలేలు నాలుగు, ఒక్కోటి 240. రెసిస్టర్లు, బోర్డు ముక్క, జంపర్ వైర్లు కలిపి 140. వీటిలో కదిలే భాగం లేదు, చప్పుడు లేదు. పై ఇచ్చే 3.3 వోల్టులకే పలుకుతాయి. నాలుగింటి పని ఇదీ: పవర్ బటన్, రీసెట్ బటన్, పవర్ లైటు, డిస్క్ లైటు. లైట్లు అనవసరం అనిపిస్తుంది గానీ, తెర నల్లగా ఉన్నప్పుడు మెషీన్ బతికే ఉందా అన్నది చెప్పేవి అవే.

క్యాబినెట్ ముందు బటన్ వైర్లను తీసేయకుండా సమాంతరంగా కలిపాను. ఆఫీసు కుర్రాడు ఎప్పటిలాగే వేలితో నొక్కుకోవచ్చు. పై బోర్డును 20 సార్లు రీబూట్ చేశాను. డెస్క్‌టాప్ ఒక్కసారీ ఆరలేదు.

మొత్తం ఇప్పటికి: రూ. 11,250 (వృథా 830)

దశ 4: తెనాలిలో బిగింపు, టన్నెల్, తాళాలు (రోజు 15, 16)

శనివారం తెనాలి వెళ్లి బిగించాను. లైనక్స్ తెర వస్తోంది, బయోస్ తెర రావట్లేదు. రెండు గంటలు ఈడీఐడీతో కుస్తీ పట్టాను. చివరికి చూస్తే పాత వీజీఏ మానిటర్ ఇంకా వెనకాల తగిలించే ఉంది, బయోస్ దానికే బొమ్మ పంపుతోంది. వీజీఏ వైరు పీకగానే వచ్చింది. బయోస్‌లోకి వెళ్లి కరెంటు పోయి వస్తే మెషీన్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టాను, బయోస్ పాస్‌వర్డ్ పెట్టాను.

ఇక భద్రత. ఈ డబ్బాలోకి ఎవరైనా దూరితే సర్వర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. పెన్‌డ్రైవ్ ఇమేజ్ పెట్టి వేరే సిస్టమ్‌తో బూట్ కూడా చేసుకోవచ్చు. బీఎమ్‌సీ ఉన్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. బీఎమ్‌సీతో మాట్లాడే ప్రమాణం ఐపీఎమ్‌ఐ 2.0, దాని లాగిన్ పద్ధతిలోనే ఒక లోపం ఉంది: చెల్లే యూజర్ పేరు చెబితే చాలు, లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకోగల ముద్ర) అవతలివాడి చేతికి వెళ్తుంది. అది 2013లోనే బయటపడింది. తప్పు ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఏ అప్‌డేటూ దాన్ని మాన్పలేదు. అలాంటి పోర్టులను నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకూడదు, అంతే.

ఎలాగూ తెరవడానికి వీల్లేదు కూడా. ఆఫీసు రౌటర్‌కి వచ్చిన అడ్రసు 100.64తో మొదలవుతోంది, అంటే సీజీనాట్: ఒకే బయటి అడ్రసును నెట్ కంపెనీ చాలామందికి పంచుతోంది. బయటి నుంచి తలుపే లేదు. కాబట్టి ముంబైలో నెలకి 420 రూపాయల వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని, పై బోర్డే దానికి వైర్‌గార్డ్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన సొంత దారి) వేసుకునేలా పెట్టాను.

చేసిన వరుస:

1. రూట్ పాస్‌వర్డ్, వెబ్ అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్చాను. అవి వేర్వేరు, ఒకటి మారిస్తే ఇంకోటి మారదు. కార్డు రీడ్ ఓన్లీలో నడుస్తుంది, మార్చే ముందు రైట్ మోడ్‌లోకి వెళ్లి, పనయ్యాక వెనక్కి రావాలి.
2. ఎస్‌ఎస్‌హెచ్‌కి (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) కీ ఫైలు మాత్రమే, పాస్‌వర్డ్ లాగిన్ బంద్.
3. వెబ్ లాగిన్‌కి టీఓటీపీ, అంటే ఫోన్లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్.
4. వైర్‌గార్డ్‌లో వీపీఎస్ అడ్రసు పేరుతో కాకుండా అంకెల్లోనే. బూట్ సమయానికి, పేరును అంకెల అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ పలక్కపోతే పేరు దొరక్క టన్నెల్ సర్వీసు చతికిలబడుతుంది. దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి ఒక చిన్న ప్యాకెట్, అంటే కీపలైవ్.
5. వీపీఎస్‌లో నా ల్యాప్‌టాప్, ఫోన్ నుంచి పై బోర్డు 22 (ఎస్‌ఎస్‌హెచ్), 443 (వెబ్) పోర్టులకి మాత్రమే దారి. పై బోర్డు నుంచి వాటికి దారి లేదు.
6. పై బోర్డు వెబ్ పేజీని నమ్మలేనని బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికను నొక్కుకుంటూ పోలేదు. టన్నెల్ వీపీఎస్ దగ్గర ఒకసారి విప్పబడి మళ్లీ కట్టబడుతుంది, మధ్యలో ఎవరైనా కూర్చోవాలంటే అదే చోటు. అందుకని తెనాలిలో ఉండగానే పై బోర్డు సర్టిఫికెట్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. ఇకపై హెచ్చరిక వస్తే ఏదో తేడా ఉన్నట్టే.
7. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం ఉచిత సిస్టమ్) వేసిన చిన్న రౌటర్, 2,300. పై బోర్డు దాని వెనక ఒంటరిగా. బయటికి వెళ్లడానికి వీపీఎస్‌కి యూడీపీ 51820 (వైర్‌గార్డ్ పోర్టు) తప్ప అన్నీ మూత.

ఏడో అడుగులో "అన్నీ" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అది రాసినప్పుడు భలే గర్వపడ్డాను.

ఆఫీసు కంప్యూటర్ నుంచి స్కాన్ చేస్తే పై బోర్డు కనబడలేదు. హైదరాబాద్ వచ్చాక, ఒక్కో ఫ్రేమునూ ఫొటోలా పంపే ఎమ్‌జెపెగ్‌లో తెర కదిలినప్పుడు 14 ఎమ్‌బీపీఎస్ తాగింది. హెచ్.264కి మారిస్తే 2, 3 మధ్య. ఆలస్యం 190 మిల్లీసెకన్లు. డిస్క్ పాస్‌ఫ్రేజ్ మార్చేశాను. క్యాలెండర్ మీదిది ఇక చెల్లదు.

మొత్తం ఇప్పటికి: రూ. 13,550, నెలకి 420 అదనం

దశ 5: మెయిన్ ఆపి చూడటం (రోజు 24)

"బావగారూ, మెయిన్ ఒకసారి ఆపేయండి, పది నిమిషాలు. యూపీఎస్ కూడా."

"పని మీద ఉన్నారయ్యా అందరూ. భోజనాలకి లేచాక ఆపిస్తాను."

1:40కి ఆపారు. 1:50కి వేశారు. 2 గంటలైంది, టన్నెల్ లేవలేదు. 2:10, లేదు. సర్వర్ బూట్ అయి పాస్‌ఫ్రేజ్ కోసం చూస్తూ కూర్చుంది. ఆఫీసు వాళ్లు భోంచేసి వచ్చి సర్వర్ కోసం చూస్తూ కూర్చున్నారు.

"ఏమోయ్ బామ్మర్దీ, క్యాలెండర్ మీద ఉన్నది కొట్టమంటావా?"

"అది మార్చేశాను బావగారూ."

అవతల కాసేపు మాట లేదు.

వీపీఎస్‌లోకి వెళ్లి ప్యాకెట్లు చూశాను. తెనాలి నుంచి ఐదేసి సెకన్లకోసారి 148 బైట్ల ప్యాకెట్ వస్తోంది. 148 అంటే వైర్‌గార్డ్ పలకరింపు. దానికి జవాబు 92 బైట్లు ఉండాలి. ఒక్కటీ వెళ్లట్లేదు. అంటే పై బతికుంది, నెట్ ఉంది, తలుపు కొడుతోంది, వీపీఎస్సే తీయట్లేదు.

కెర్నెల్‌లో వైర్‌గార్డ్ డీబగ్ తెరిస్తే ప్రతి పలకరింపుకీ "చెల్లని హ్యాండ్‌షేక్" అన్న అర్థంలో ఒక లైను. కీలు పోల్చాను, సరిగ్గానే ఉన్నాయి. నిన్నటిదాకా పనిచేసిన కీలు కరెంటు పోతే ఎందుకు మారతాయి?

ఇక్కడ వెలిగింది. వైర్‌గార్డ్ ప్రతి పలకరింపులో పంపేవాడి గడియారం సమయం ఉంటుంది. పాత ప్యాకెట్‌ను ఎవరైనా దాచుకుని మళ్లీ పంపి మోసం చేయకుండా, అంతకుముందు చూసిన సమయం కంటే వెనకటిది వస్తే అవతలివాడు నోరు మెదపడు. పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కార్డు రీడ్ ఓన్లీ కాబట్టి ఆఖరి సమయం ఎక్కడా దాచుకోలేదు. లేచాక నెట్‌లోంచి ఎన్‌టీపీ ద్వారా టైమ్ తెచ్చుకోవాలి. ఆ యూడీపీ 123 పోర్టును నేనే, గర్వంగా, మూశాను.

అప్పటికప్పుడు చేసినది:

1. వీపీఎస్‌లో తెనాలి పీర్‌ను (పై బోర్డు నమోదును) తీసేసి, అదే కీతో మళ్లీ చేర్చాను. దాంతో అది గుర్తుపెట్టుకున్న పాత సమయం చెరిగిపోతుంది. తర్వాతి పలకరింపుకే 92 బైట్ల జవాబు వెళ్లింది.
2. వెబ్ పేజీ తెరిచాను. లాగిన్ కాదు. గడియారం తప్పైతే టీఓటీపీ కోడ్ కూడా తప్పే కదా. నేను ఒక్కచోట తప్పు చేస్తే అది రెండు తాళాల్నీ బిగించేసింది.
3. ఎస్‌ఎస్‌హెచ్‌కి కోడ్ లేదు, కీ చాలు. లోపలికి వెళ్లి తేదీ అడిగితే కొన్ని నెలల వెనకటిది చూపించింది. చేత్తో సరిచేశాను. వెబ్ లాగిన్ అయింది, పాస్‌ఫ్రేజ్ కొట్టాను.

2:37. కరెంటు వచ్చాక 47 నిమిషాలు. ఆఫీసులో ఆరుగురు.

దశ 6: గడియారం (రోజు 26 నుంచి 31)

ఎన్‌టీపీ ఒక్కటీ తెరిస్తే చాలనిపించింది. కానీ ఇంటర్నెట్ డబ్బా లేచి లైను అందుకోవడానికే మూడు నిమిషాలు పడుతుంది, ఎన్‌టీపీ సర్వర్ పేరు దొరకడానికి డీఎన్‌ఎస్ కూడా తెరవాలి. తలుపు తీయడానికి ఇంకో రెండు తలుపులు తెరిచి ఉండాలంటే నాకు నచ్చలేదు. అందుకే రెండూ చేశాను: రౌటర్ నుంచి పై బోర్డుకి ఎన్‌టీపీ, దానితోపాటు డీఎస్3231 గడియారం మాడ్యూల్, 190.

1. వైర్లు నాలుగు: పిన్ 1 నుంచి 3.3 వోల్టులు, పిన్ 3 డేటా, పిన్ 5 క్లాక్, పిన్ 9 గ్రౌండు.
2. 5 వోల్టులకి తగిలించకండి. బజార్లో దొరికే జెడ్‌ఎస్-042 మాడ్యూల్ మీద బ్యాటరీ ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది. రీఛార్జ్ కాని సీఆర్2032 సెల్ పెట్టి 5 వోల్టులిస్తే దాన్ని ఛార్జ్ చేయబోతుంది, సెల్ ఉబ్బుతుంది. 3.3 ఇస్తే మధ్యలో డయోడ్ తినేది పోను సెల్‌కి సరిపడా మిగలదు కాబట్టి ఫర్వాలేదు. నేనింకా నమ్మక దాని 200 ఓమ్‌ల రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో ఊడబీకేశాను.
3. బూట్ కాన్ఫిగ్‌లో ఆ గడియారాన్ని గుర్తుపట్టమనే ఓవర్‌లే లైను చేర్చి, సరైన టైమ్‌ను ఒకసారి దాంట్లోకి రాయాలి. రాయడం మర్చిపోతే అది 2000 సంవత్సరం నుంచి మొదలెడుతుంది. మర్చిపోయాను.

ఈ చిప్ తప్పేది మామూలు ఎండల్లో దశలక్షకి 2 వంతులు, అంటే ఏడాదికి నిమిషం. ఇంటి దగ్గర విడి పై బోర్డు మీద పెట్టి రెండు రోజులు కరెంటు తీసేసి ఉంచాను. తిరిగి వేస్తే తేడా సెకను లోపే. మాడ్యూల్‌ను కొరియర్లో పంపి, వీడియో కాల్‌లో ఆఫీసు కుర్రాడి చేత నాలుగు వైర్లూ పెట్టించాను. పిన్‌లు లెక్కపెట్టడం నాకంటే జాగ్రత్తగా చేశాడు.

మొత్తం ఇప్పటికి: రూ. 13,740 (వృథా 830), నెలకి 420

దశ 7: మళ్లీ మెయిన్ (రోజు 33)

ఈసారి బావగారే గడియారం చూసుకుంటూ ఆపారు, పదిహేను నిమిషాలు. కరెంటు వచ్చిన క్షణం నుంచి:

0:00 మెయిన్ ఆన్
2:50 నెట్ డబ్బా మీద పచ్చ లైటు (ఆఫీసు నుంచి ఫోన్లో చెప్పారు)
3:05 వీపీఎస్‌లో హ్యాండ్‌షేక్
3:40 కోడ్‌తో వెబ్ లాగిన్
4:05 పాస్‌ఫ్రేజ్
5:10 ఆఫీసులో ఫైళ్లు తెరుచుకున్నాయి

ఇంకో వారం తర్వాత, చెప్పకుండా, రాత్రి 11 దాటాక నిజంగానే కరెంటు పోయింది. పొద్దున్నే మంచం మీంచే ఫోన్లో పాస్‌ఫ్రేజ్ కొట్టాను. ఫోన్ కీబోర్డులో పెద్ద అక్షరాలు తప్పాయి, మూడోసారికి తీసుకుంది.

మిగిలినవి: పై బోర్డు, నెట్ డబ్బా ఇంకా యూపీఎస్ మీద లేవు. పై, బ్రిడ్జి కలిపి తాగేది 4 వాట్లే, అక్కడున్న 600 వీఏ యూపీఎస్‌కి అదో లెక్క కాదు. కానీ దాని బ్యాటరీయే చివరి దశలో ఉంది, అది మార్చాక కలుపుతాను. లైనే తెగితే 4జీ డాంగిల్ రెండో దారిగా పెట్టాలి, ఇంకా కొనలేదు. వీపీఎస్ పోతే ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి బావగారి బీరువాలో పెట్టాను. క్యాలెండర్ మీద కాదు.